తీపినీటి లెక్క తేలాకే పంట లెక్క

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో జీవనోపాధుల ఉపసంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు, స్త్రీనిధి లెక్కలు ఇంతకు ముందే విన్నారు. మేము నీళ్ల లెక్క ఒకటి చెప్పడానికి నిలబడ్డాం. చివర్లో ఒక తీర్మానం కూడా మీ ముందు పెడతాం. దాని మీద చెయ్యెత్తాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఎత్తే ముందు మాత్రం సంగతి పూర్తిగా వినమని కోరుతున్నాం. ఎందుకంటే ఈ తీర్మానం వల్ల మనలో కొందరికి ఈ ఏడాది కష్టం కలుగుతుంది. ఆ మాట దాచిపెట్టి చెయ్యెత్తించుకోవడం మాకు ఇష్టం లేదు.

మన తీరం సంగతి

మనది ప్రకాశం తీరం. ఉత్తరాన చూస్తే కృష్ణా డెల్టా, దక్షిణాన చూస్తే పెన్నా డెల్టా. రెండు పచ్చని డెల్టాల నడుమ చిక్కిన మెట్ట తీరం మనది. కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా వచ్చి ఆగిపోతుంది. అక్కడి నుంచి దక్షిణానికి సాగే బకింగ్‌హాం కాలువలో నీళ్లుంటాయి గానీ అవి ఆటుపోట్లకు ఎక్కే ఉప్పునీళ్లు. చినగంజాం దగ్గర ఉప్పు కొటారులు పెట్టారంటే ఆ నేలకూ ఆ ఎండకూ ఉన్న గుణం అది. గుండ్లకమ్మ, ముసి, పాలేరు, మన్నేరు ఉన్నాయి, వానొచ్చిన నాలుగు రోజులే పారతాయి. సాగర్ కుడి కాలువ మన జిల్లాకు చేరేసరికి చివరి భూములే.

వాన అసలే లేదా అంటే ఉంది. ఉమ్మడి ప్రకాశం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 870 మిల్లీమీటర్లు. ఎకరం నేల మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే అది 4,047 లీటర్లు. ఆ లెక్కన ఏడాదికి ఎకరం మీద పడేది 35 లక్షల లీటర్లు. వినడానికి చాలానే ఉంది. కానీ మన తీరానికి గట్టి వానలు అక్టోబరు, నవంబరు నెలల్లోనే. అదీ వాయుగుండం వస్తే. వస్తే రెండు రోజుల్లో నెల వాన కురుస్తుంది, రాకపోతే దొరువుల్లో చెంబు ముంచే నీళ్లు కూడా ఉండవు. మిగతా నెలల్లో ఎండా, సముద్రపు గాలీ కలిసి నేలలో తడిని పీల్చేస్తాయి.

ఇట్లాంటి చోట పంట ప్రణాళిక అంటే ఏ పంటకు రేటు బాగుందో చూసి విత్తనం తెచ్చుకోవడం ఒక్కటే అయితే సరిపోదు. ముందు మన కాళ్ల కింద ఎన్ని నీళ్లున్నాయో తెలియాలి.

ఉప్పునీటి మీద తేలే మంచినీరు

ఇసుక నేలల్లో ఉన్నవాళ్లకు ఈ సంగతి అనుభవంలో తెలుసు. నాలుగడుగులు తవ్వితే తియ్యటి నీళ్లు. ఇంకా లోతుకు పోతే ఉప్పు. ఎందుకట్లా?

సముద్రపు నీళ్లు ఇసుక కింద నుంచి మన ఊళ్ల కిందికి కూడా చొచ్చుకొని ఉంటాయి. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది గనుక అది బరువు. వాననీరు తేలిక. ఇసుకలోకి ఇంకిన వాననీరు ఆ ఉప్పునీటి మీద, మజ్జిగ మీద వెన్న తేలినట్టు తేలుతుంది. ఆ వెన్నముద్దే మన దొరువు, మన ఫిల్టరు పాయింటు, మన తాగునీటి బావి.

శాస్త్రవేత్తలు దీనికి ఒక లెక్క కట్టారు. సముద్ర మట్టం కంటే మంచినీటి మట్టం ఒక అడుగు ఎత్తున ఉంటే, ఆ మట్టం కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరు నిలబడుతుంది. ఈ మాట వినడానికి సంతోషంగా ఉంటుంది. దాన్నే తిరగేసి చూడండి. మోటార్లు తోడి తోడి ఆ మట్టాన్ని ఒక అడుగు దించితే, కింద ఉప్పునీరు కాలక్రమంలో 40 అడుగులు పైకి రావడానికి దారి ఇచ్చినట్టే. పైన అడుగు తగ్గిందేగా అనుకుంటాం. కింద జరిగేది మనకు కనపడదు.

ఇంకొకటి. బోరు లోతుకు దించి గట్టిగా లాగితే, సరిగ్గా ఆ బోరు కిందే ఉప్పునీరు పుట్టలాగా పైకి లేస్తుంది. మొదటి నెల బాగుంటుంది, రెండో నెల నోట్లో పోసుకుంటే తేడా తెలుస్తుంది, మూడో నెల ఆకు చివరలు మాడతాయి. ఒకసారి ఉప్పెక్కిన బోరు మళ్లీ తియ్యబడాలంటే ఏళ్ల తరబడి మంచి వానలు కురవాలి, అన్నేళ్లూ దాన్ని తోడకుండా వదిలెయ్యాలి. బోరు దించడానికి తెచ్చిన అప్పు మాత్రం అన్నేళ్లు ఆగదు. వాయిదా నెలకే వస్తుంది.

మన పెద్దవాళ్లు లోతు బావులు తవ్వకుండా దొరువులు తవ్వుకున్నారంటే అది పేదరికం వల్ల ఒక్కటే అనుకోవద్దు. దొరువు లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. పైన తేలే తీపినీటిని మెల్లగా పక్కల నుంచి తీసుకుంటుంది, కింద ఉప్పును కదిలించదు. బుంగలతో ముంచి పొగాకు నారుకూ కూరగాయ మళ్లకూ పోసేవాళ్లు. ఆ పని చేసింది ఎక్కువగా ఆడవాళ్లే. నడుములు పోయింది కూడా మనవాళ్లవే.

ఆ కష్టం లేకుండా అదే సూత్రాన్ని నిలబెట్టే పద్ధతి ఒకటుంది. బాపట్లలో ఉప్పునీటి వాడకం మీద పనిచేసే పరిశోధనా కేంద్రం వారు మెరుగుపరిచిన దొరువు పద్ధతిని రూపొందించారు. నీటిమట్టానికి కొంచెం కింద చిల్లులున్న పీవీసీ పైపులను అడ్డంగా పరిచి, వాటన్నిటినీ నడుమ ఒక బావిలోకి కలుపుతారు. చుట్టూ ఉన్న నేల నుంచి పైపొర తీపినీరు ఆ బావిలోకి ఊరుతుంది. చిన్న మోటరుతో తోడి స్ప్రింక్లర్లకో డ్రిప్పుకో ఇస్తారు. ఒక్క చోట గుచ్చి లాగడం ఉండదు గనుక ఉప్పు పైకి లేవదు. కలిసి కట్టుకుంటే నలుగురైదుగురు రైతులకు ఒకటి సరిపోతుంది. ఈ పద్ధతి సంఘాలకు సరిపోతుందని మేము అనేది అందుకే.

నీళ్లతో పాటు ఎన్ని బస్తాల ఉప్పు

నీళ్లు నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా లేవు, ఇంకేం భయం అంటారు కొందరు. ఆ లెక్క కూడా చూద్దాం. నీటిలో ఉప్పును ఇ.సి. అనే అంకెతో చెబుతారు. ఇ.సి. 1 అంటే లీటరుకు సుమారు 640 మిల్లీగ్రాముల ఉప్పు. ఇ.సి. 2 ఉన్న నీళ్లతో ఎకరం వేరుశనగ పండించామనుకోండి. పంట మొత్తానికి సుమారు 500 మిల్లీమీటర్ల నీళ్లు, అంటే 20 లక్షల లీటర్లు. అందులో ఉప్పు సుమారు 2,590 కిలోలు. 50 కిలోల బస్తాలైతే 51 పైచిలుకు. ఎరువు బస్తా ఒక్కటి ఎక్కువ పడితే మనం ఇంట్లో వాదులాడుకుంటాం. ఒక్క పంటలో 51 బస్తాల ఉప్పు చేలో పోస్తున్నామని ఎవరం అనుకోం.

ఆ ఉప్పును కడిగేది అక్టోబరు, నవంబరు వానలే. ఇసుక నేల కాబట్టి మంచి వాన పడిన ఏడాది కిందికి దిగిపోతుంది. వాన తప్పిన ఏడాది అక్కడే ఉండిపోతుంది. పోయిన సంవత్సరం వాన ఎంత పడిందో తెలియకుండా ఈ రబీకి ఏ పంటో తేల్చుకోవడం అంటే పాసుబుక్కు చూడకుండా చెక్కు రాయడమే.

నేల సంగతీ అంతే. 2015లో మొదలైన పథకం కింద మనలో చాలామందికి భూసార కార్డులు వచ్చాయి. తెల్లగా పేరుకొనే పాల చౌడు వేరు, నల్లగా గట్టిపడే కారు చౌడు వేరు. పాల చౌడును మంచి నీళ్లతో కడిగి మురుగు కాలువ ద్వారా బయటికి పంపాలి. జిప్సం వేస్తే దానికి ఉపయోగం లేదు, డబ్బులు దండగ. కారు చౌడుకే జిప్సం. కార్డులో పి.హెచ్. 8.5 దాటిందా లేదా అన్నది ముందు చూడాలి. ఇంకో జాగ్రత్త చెబుతాం. కార్డు మీద ఇ.సి. అంకె తక్కువగా కనపడుతుంది, ఎందుకంటే పరీక్షలో మట్టిని ఎక్కువ నీళ్లలో కలిపి కొలుస్తారు. అంకె చిన్నదే కదా అని ధైర్యపడక, మన నేల ఏ పంటకు తట్టుకుంటుందో రైతు సేవా కేంద్రంలో అడిగి రాయించుకోవాలి. అది మట్టి కార్డే, నీళ్ల కార్డు కాదు. నీటి పరీక్ష విడిగా చేయించుకోవాల్సిందే.

ఏ పంట ఎంత ఓర్చుకుంటుంది

ఉప్పును అన్ని పంటలూ ఒకేలా ఓర్చుకోవు. శాస్త్రవేత్తల కొలత ప్రకారం నేలలో ఇ.సి. 1 దాటగానే చిక్కుడు జాతి తగ్గడం మొదలవుతుంది. ఉల్లికి 1.2, మిరపకు 1.5, టమాటాకు 2.5, వరికి 3, వేరుశనగకు 3.2, అలసందకు 4.9, జొన్నకు 6.8, పత్తికి 7.7. ఇందులో వేరుశనగను జాగ్రత్తగా చూడాలి. 3.2 దాకా ఏమీ తెలియదు, దాటాక ఒక్కో అంకెకు దిగుబడి నాలుగో వంతు పైనే పడిపోతుంది. మన పొగాకుకు ఇంకో చిక్కు. ఉప్పునీళ్లు తాగిన ఆకులో క్లోరైడు పెరుగుతుంది, ఆకు సరిగా కాలదు, వేలంలో రేటు పలకదు. తూకం తగ్గకపోయినా డబ్బు తగ్గుతుంది.

ఈ అంకెలు దగ్గర పెట్టుకొని మన నేలలను నాలుగు పట్టీలుగా చూడమని మేము చెబుతున్నాం.

సముద్రం ఒడ్డు దిబ్బలు మొదటి పట్టీ. అక్కడ సరుగుడు, తాటి, జీడిమామిడి. ఇవి గాలిని ఆపుతాయి, ఎగిరే ఇసుకను, ఉప్పు తుంపరను పొలాల మీదికి రానివ్వవు. వేటపాలెం జీడిపప్పు పేరు మీకు చెప్పక్కర్లేదు.

రెండోది దొరువుల పట్టీ. ఇక్కడ ఆకుకూరలు, కూరగాయలు, నారుమళ్లు, వేరుశనగ. చిన్న చిన్న మళ్లు, తక్కువ నీళ్లు, ఎక్కువ చేతిపని.

మూడోది గరువు, ఎర్ర నేలల పట్టీ. ఉలవపాడు మామిడి, సపోటా పుట్టింది ఈ నేలల్లోనే. చెట్ల మధ్య ఖాళీలో కంది, సజ్జ, అలసంద, పెసర.

నాలుగోది పర్ర భూములు. చౌడెక్కిన నేలలో ముందు జీలుగ వేసి కలియదున్నడం, తర్వాత చౌడును తట్టుకునే వరి. మచిలీపట్నం పరిశోధనా స్థానం నుంచి వచ్చిన ఎం.సి.ఎం. 100 లాంటి రకాలు ఇందుకోసమే. నీళ్లు లేని చోట పశుగ్రాసం, గొర్రెల మేత.

ఒక మాట సరుగుడు గురించి. ఒడ్డున వరసలుగా ఉంటే అది ఊరికి కంచె. కానీ పొలాలకు పొలాలే సరుగుడు, జామాయిల్, సుబాబుల్ తోటలైపోతే? భూమి గల ఆయనకు నాలుగైదేళ్లకు ఒకసారి డబ్బు చేతికొస్తుంది, తలనొప్పి లేదు. కూలికి పోయే మనకు? వేరుశనగలో విత్తడం, కలుపు తీయడం, పీకడం, కాయ కోయడం అన్నీ మన పనులే. సరుగుడు తోటలో నరికే రోజు దాకా మనకు పని లేదు, ఆ నరికే పనీ మనల్ని పిలిచి చేయించేది కాదు. అందుకని ఊరి పంట ప్రణాళికలో ఎకరానికి ఎన్ని నీళ్లు అని ఎట్లా రాస్తామో, ఎకరానికి ఎన్ని పని దినాలు అని కూడా అట్లాగే రాయాలి. ఆ గడి లేని ప్రణాళిక సగం ఊరిని వదిలేసిన ప్రణాళిక.

నీటి బడ్జెట్ కట్టడం ఎట్లా

ఇది మనం కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. ఉమ్మడి రాష్ట్రంలో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతుల భాగస్వామ్య భూగర్భజల యాజమాన్య పథకం ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండలతో పాటు మన ప్రకాశం కూడా అందులో ఉంది. రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, ఇంకిన నీరెంత, వేయబోయే పంటలకు కావాల్సిందెంత అని ఊరంతటి ముందు గోడ మీద రాశారు. ఫలానా పంట వెయ్యొద్దని ఎవరూ ఆజ్ఞ వెయ్యలేదు. లెక్క అందరికీ కనపడేసరికి చాలామంది తమంతట తామే నీళ్లు ఎక్కువ తాగే పంట తగ్గించుకున్నారు. ఆడా మగా ఇద్దరూ కొలతలు నేర్చుకున్నారు.

మనకు కావాల్సిన సామాను పెద్దదేమీ కాదు. పక్కలు నిటారుగా ఉన్న ఒక డబ్బా, ఒక స్కేలు ఉంటే వానమాపకం అయినట్టే. మూతి ఎంత వెడల్పున్నా ఫరవాలేదు, లోపల నిలిచిన నీటి ఎత్తే మిల్లీమీటర్లు. ఒక తాడుకు రాయి కట్టి, అడుగుకొక ముడి వేస్తే దొరువు మట్టం కొలవొచ్చు. పెన్ను అంత ఉండే ఇ.సి. మీటరు ఒకటి గ్రామ సమాఖ్య కొనుక్కుంటే ఊరి బావులన్నీ నెలకొకసారి పరీక్ష చేయొచ్చు. ముగ్గురు చదువుకున్న పిల్లలు, ఒక నోటు పుస్తకం చాలు.

లెక్క ఎట్లా ఉంటుందో ఉదాహరణకు చూద్దాం. ఇది ఏ ఊరి లెక్కా కాదు, ఊహకు చెబుతున్నాం. ఒక ఊళ్లో 200 ఎకరాల ఇసుక నేల ఉంది. వానాకాలం అయ్యాక దాంట్లో 100 మిల్లీమీటర్ల నీరు ఇంకి నిలిచిందనుకోండి. 200ను 100తో గుణిస్తే 20,000. దీంట్లో సగం ముట్టుకోకూడదు. ఎందుకంటే తాగునీళ్లు అందులోనే, పశువులకూ అందులోనే. అన్నిటికీ మించి, కొంత మంచినీరు ఎప్పుడూ సముద్రం వైపు పారుతుంటేనే ఉప్పు లోపలికి రాకుండా ఆగుతుంది. ఇక సాగుకు మిగిలింది 10,000. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్లు కావాలి. అంటే 8 ఎకరాలకు సరి. వేరుశనగకు 500 అయితే 20 ఎకరాలు. సజ్జకు 300 అయితే 33 ఎకరాలు. వేరుశనగను స్ప్రింక్లర్లతో తడిపితే ఇంకో నాలుగైదు ఎకరాలు కలుస్తాయి.

ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఊళ్లో ముగ్గురు రైతులు ఎనిమిది ఎకరాల వరి వేస్తే ఊరందరి నీళ్లూ అయిపోయాయి. మిగతా వాళ్లు ఏం చెయ్యాలి? వాళ్ల భూమిలో వాళ్లు బోరు వేసుకున్నారు, అడగడానికి మనం ఎవరం అంటారా? మన గ్రూపులో పది మంది రూపాయి రూపాయి వేసిన పొదుపును ఒక్క సభ్యురాలు, ఖాతా పుస్తకం నా ఇంట్లోనే ఉంది కదా అని మొత్తం తీసుకుంటే ఊరుకుంటామా? పక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మాన్పించిన ఆడవాళ్ల ఉద్యమం తర్వాతే అక్కడ పొదుపు లక్ష్మి మొదలైంది. అప్పుడూ ఇంటి సంగతిలో మీకేం పని అన్నవాళ్లున్నారు. ఇసుక కింద నీరు కూడా ఊరి ఉమ్మడి ఖాతాయే. మోటరు స్విచ్చి ఎవరింట్లో ఉన్నా ఖాతా ఒక్కటే.

ఏడాది పొడుగునా పంట వరస

మా ఉపసంఘం సూచించే వరస ఇది. వేసవి చివర, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లడం. ప్రకృతి వ్యవసాయంలో మనలో చాలామంది ఇప్పటికే చేస్తున్నారు. నేల కప్పి ఉంటే తడి ఆరదు, అడుగు నుంచి ఉప్పు పైకి రాదు. తొలకరికి గరువు నేలల్లో సజ్జ, కంది, అలసంద. అక్టోబరు, నవంబరు వానలను ఇసుకలో ఇంకనివ్వడమే ఆ రెండు నెలల పెద్ద పంట. గట్లు వేసుకోవడం, కుంటల్లో పూడిక తీయడం ఉపాధి హామీలో ముందే పెట్టించుకోవాలి. ఇసుకలో తవ్విన కుంటలో నీళ్లు నిలబడలేదని బాధపడొద్దు, ఇంకితే మన ఖాతాలో పడ్డట్టే. డిసెంబరు మొదట్లో నీటి బడ్జెట్ సభ. ఆ సభలో తేలిన ఎకరాలకే రబీ వేరుశనగ, కూరగాయలు. ఏప్రిల్ నుంచి మోటార్లకు విశ్రాంతి, దొరువు నీళ్లు తాగడానికీ, నారుకూ, చెట్ల పాదులకే.

తుపానునూ ప్రణాళికలో రాసుకోవాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన పైరు ఎంత నీటిపాలైందో చూశాం. అన్ని ఎకరాలూ ఒకే వారంలో కోతకొచ్చేట్టు వెయ్యకుండా రెండు మూడు దఫాలుగా విత్తుకోవడం, పంట బీమా గడువు మర్చిపోకుండా గ్రామ సమాఖ్య బోర్డు మీద రాయడం మన చేతిలో పని.

భూమి కాగితం, రొయ్యల చెరువు

మనలో చాలామంది సాగు చేసేది కౌలుకే. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం పదకొండు నెలలకు కార్డు ఇస్తారు, కానీ భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెట్టించుకోవడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఒంటరిగా అడిగితే పని కాదు, గ్రామ సమాఖ్య తరఫున పదిమంది కలిసి వెళ్లి అడగాలి. కార్డు లేని ఆమెకు బీమా లేదు, పంట రుణం లేదు, ఇక ప్రణాళిక ఎవరి కోసం?

పొలాల మధ్య రొయ్యల చెరువులకు లీజులు అడుగుతున్నారని మూడు నాలుగు ఊళ్ల నుంచి మాట వచ్చింది. లీజు డబ్బు పెద్దదే, కాదనం. కానీ చెరువులో నిలిచిన ఉప్పునీరు ఇసుకలో ఇంకి చుట్టుపక్కల దొరువుల్లోకి వస్తుంది. లీజు తీసుకున్నది ఒకరు, నీళ్లు పోయేది అందరివి. వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చకూడదని 1996 డిసెంబరులోనే సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వా సాగుకు చట్టం వచ్చింది. కొత్త బోర్లకు అనుమతి కావాలని 2002 వాల్టా చట్టం చెబుతోంది. ప్రజల తాగునీటి బావికి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా బోరు వేయకూడదు. చట్టం పుస్తకంలో ఉంటే చాలదు, గ్రామసభలో ఎవరో ఒకరు లేచి చదవాలి. ఆ చదివేది మన సంఘాల వాళ్లే కావాలని కోరుతున్నాం.

తీర్మానం

ఇక అసలు సంగతి. ఇసుక పట్టీలో ఉన్న ఊళ్ల నుంచి బోరు లోతు దించుకోవడానికి రుణం కావాలని సభ్యుల దరఖాస్తులు సమాఖ్య దగ్గర ఉన్నాయి. అడిగినవాళ్లు ఉన్నవాళ్లేమీ కాదు. ఎకరం, ఎకరంన్నర వాళ్లు. ఉన్న నీళ్లు తగ్గాయి, పైరు కళ్ల ముందు ఎండుతోంది. పక్కాయన ఎప్పుడో లోతుకు దించి తోడుకున్నాడు, మాకు వచ్చేసరికి రూలు పెడతారా అని వాళ్లు అడుగుతారు. అడగడంలో న్యాయం ఉంది. దానికి మా దగ్గర తియ్యటి జవాబు లేదు. ఆ రుణం ఇస్తే ఈ ఏడాది వాళ్ల చేను బతకొచ్చు. వాళ్ల బోరు పక్కనే ఉన్న ఊరి తాగునీటి బావి పోవచ్చు. అది పోయినరోజు బిందె పట్టుకొని మైళ్లు నడిచేది కూడా వాళ్లే, మనమే. అందుకే వద్దని చెప్పి చేతులు దులుపుకోకుండా, బదులు ఏం ఇస్తామో కూడా తీర్మానంలోనే రాశాం.

ఒకటి. ఇసుక పట్టీ గ్రామాల్లో బోరు వేయడానికీ లోతు దించడానికీ సమాఖ్య నిధి నుంచి రుణం ఇవ్వకూడదు.

రెండు. అట్లా దరఖాస్తు పెట్టుకున్న సభ్యులకే మొదటి ప్రాధాన్యంగా, నలుగురైదుగురు కలిసి మెరుగుపరిచిన దొరువు కట్టుకోవడానికి, స్ప్రింక్లర్లకు, లేదా ఈ ఏడాది గడవడానికి గొర్రెలు, మేకలకు రుణం ఇవ్వాలి. మొదటి వాయిదా పంట చేతికొచ్చాకే మొదలుపెట్టాలి.

మూడు. ప్రతి గ్రామ సమాఖ్యా వానమాపకం, కొలత తాడు, ఇ.సి. మీటరు పెట్టుకొని ప్రతి నెలా లెక్క బోర్డు మీద రాయాలి. డిసెంబరులో నీటి బడ్జెట్ సభ జరపాలి. దానికి మగవాళ్లను కూడా పిలవాలి, ఎందుకంటే మోటరు స్విచ్చి వాళ్ల చేతిలో ఉంది.

నాలుగు. రబీ పంట రుణాల సూక్ష్మ ప్రణాళికలో నీళ్ల గడి, పని దినాల గడి నింపాకే ఫారం సమాఖ్యకు పంపాలి.

ఐదు. ఈ పద్ధతిని మూడు పంట కాలాలు నడిపి, బావుల ఇ.సి. అంకెలు పెరిగాయో తగ్గాయో ఇదే సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించాలి. పని చేయకపోతే మార్చుకోవాలి.

అక్కలూ, చెల్లెళ్లూ, ఇక్కడున్న వాళ్లలో ఎవరికి కష్టం కలుగుతుందో వాళ్లు ముందు మాట్లాడాలి. మొదటి అవకాశం బోరు రుణం అడిగిన సభ్యులకు ఇవ్వమని అధ్యక్షురాలిని కోరుతున్నాం. వాళ్లు చెప్పింది విన్నాకే మిగతావాళ్లు చెయ్యెత్తండి. మేము చెప్పిన లెక్కలో ఎక్కడైనా మీ ఊరి అనుభవం వేరుగా ఉంటే అదీ చెప్పండి, రాసుకుంటాం.